ఎందరు విన్నారు? ఎక్కడ నుండి విన్నారు?

(రేడియో వర్తమానము, వ్రాత రూపము)
ధ్యాన భాగములు: 2 సమూయేలు 24వ అధ్యాయము, నిర్గమకాండము 30:11-16, లూకా 15:1-7



సంవత్సరము ముగియగానే మనము లెక్కలు చూచుకొంటాము. రైతు ఎన్ని పుట్లు పండినవో చూచుకొంటాడు. అంగడి నడిపేవాడు బాకీల పుస్తకము ముందు వేసుకొని కూర్చుంటాడు. సంఘములో కోశాధికారి కానుకల లెక్క చదువుతాడు. ఈసారి మా పెద్దల కూటములో వీటితోపాటు ఇంకొక లెక్క కూడా వచ్చింది. మన వర్తమానములను ఫోన్లలో పెట్టుచున్న యౌవనస్థుడు ఒక కాగితము తెచ్చి బల్లమీద ఉంచాడు. సంవత్సరమంతటిలో ఎన్నిసార్లు విన్నారు, ఏ దేశము నుండి విన్నారు, ఏ పట్టణము నుండి విన్నారు అని అందులో వరుసగా ఉన్నది. ఇండియా తరువాత కువైట్, సౌదీ అరేబియా, అమెరికా, సింగపూర్ పేర్లు ఉన్నవి.

చూచి అందరము సంతోషించాము. ఇంతలో పెద్దలలో ఒకాయన ఆ కాగితమును రెండుసార్లు చదివి, "అయ్యగారూ, ఇందులో ఉదయగిరి లేదు, ఆత్మకూరు లేదు. ఉన్నవన్నీ హైదరాబాదు, చెన్నై, బెంగళూరు. మన పల్లెల్లో వినేవాళ్ళే లేనప్పుడు, నెలనెలా మెమరీ కార్డుల్లో వర్తమానాలు ఎక్కించి బండి మీద పోయి పంచడం ఎందుకు? ఆ పెట్రోలు డబ్బులు మంచి కెమెరాకు పెడితే పై దేశాలవాళ్ళు ఇంకా వింటారు గదా" అన్నారు.

ఆయన సంఘమును ప్రేమించే మనిషి. కానుక డబ్బులో ఒక్క రూపాయి వృథా కాకూడదని ఆయన బాధ. కాబట్టి ఆ ప్రశ్నను త్రోసివేయలేదు. మీ సంఘములో కూడా ఇటువంటి ప్రశ్న వచ్చి ఉండవచ్చును. అందుచేత ఈ దినమున మూడు సంగతులు ఆలోచిద్దాము. ఈ లెక్కలు ఎట్లు పుట్టుచున్నవి? మన నెల్లూరు సీమ సంఘ చరిత్ర లెక్కలను గురించి మనకేమి నేర్పుచున్నది? లేఖనము ఏమి చెప్పుచున్నది?

మొదటిగా, లెక్క ఎట్లు పుట్టుచున్నది?

ఒకప్పుడు మన ఇండ్లలో సువార్త రేడియోలో వినబడేది. శ్రీలంకలోని పుత్తళం నుండి ట్రాన్స్ వరల్డ్ రేడియో మీడియం వేవులో 882 కిలోహెర్ట్జ్ మీద పలికేది. హిందూ మహాసముద్రములోని సీషెల్స్ దీవుల నుండి ఫెబా రేడియో 1970 మొదలుకొని 2003 వరకు షార్ట్ వేవులో పలికింది. పుత్తళం మనకు సుమారు 750 కిలోమీటర్ల దూరము. సీషెల్స్ 3 వేల కిలోమీటర్లకు పైమాటే. అంత దూరపు స్వరము ఉదయగిరి కొండ క్రింద ఇంటికి ఎట్లు వచ్చేది? భూమికి పైన, ఎంతో ఎత్తున, సూర్యకాంతి వలన విద్యుత్తు పొందిన గాలి పొరలున్నవి. షార్ట్ వేవ్ తరంగములు ఆ పొరలకు తగిలి తిరిగి భూమిమీదికి వంగుతాయి. మీడియం వేవునైతే పగటివేళ క్రింది పొర మ్రింగివేస్తుంది. ప్రొద్దు గూకగానే ఆ పొర పలచబడి, స్వరము పైకి పోయి దూరదేశములో దిగుతుంది. అందుకే పగలు దొరకని స్టేషను సాయంత్రము స్పష్టముగా దొరికేది.

అయితే పలికేవారికి ఎవరు విన్నారో తెలిసే మార్గము లేదు. రేడియో ఒకవైపే మాట్లాడుతుంది. అందుచేత ఉత్తరాలే వారికి లెక్క. ఎక్కడో ఒక పల్లెలో వినినవాడు 50 పైసల కార్డు కొని, నాలుగు మాటలు వ్రాసి, తపాలా డబ్బాలో వేస్తే అది ఒక శ్రోత. రేడియో వినడమే అభిరుచిగా గలవారు ఐదు అంకెలతో రిపోర్టు కూడా పంపేవారు. స్వరము ఎంత బలముగా ఉన్నది, వేరే స్టేషను అడ్డము వచ్చిందా, గరగర ఎంత, ఎత్తిపడడము ఎంత, మొత్తము మీద ఎట్లున్నది అని ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు మార్కు వేసేవారు. దానికి బదులుగా స్టేషనువారు ఒక అందమైన కార్డు పంపేవారు.

ఇందులో మీరు గమనించవలసినదేమనగా, వ్రాయడము రానివారు ఆ లెక్కలో లేరు. కార్డు కొనలేనివారు లేరు. ఇంట్లో తెలిస్తే దెబ్బలు తినవలసి వస్తుందని రహస్యముగా వినినవారు లేరు. వినినవారు ఎందరో, వ్రాసినవారు కొందరే. ఆ సంగతి రేడియో సేవకులకు బాగా తెలుసు. కాబట్టి వచ్చిన ఒక్క ఉత్తరము వెనుక ఎందరో ఉన్నారని నమ్మి పని చేశారు.

ఇప్పుడు ఫోను వచ్చింది. ఉత్తరము అవసరము లేదు, యంత్రమే లెక్క వేస్తుంది. మరి ఈ లెక్క సరియైనదేనా? కొంతవరకు సరియైనదే. కాని అది లెక్కపెట్టేది మనుష్యులను కాదు, ఫోన్లను. ఒక ఇంటిలో ఒక ఫోను చుట్టూ ఏడుగురు కూర్చుంటే దానికి అది ఒకటే. ఒకే మనిషి ఇంట్లో ఒక ఫోనులోను, డ్యూటీలో ఇంకొక ఫోనులోను తెరిస్తే దానికి ఇద్దరు. మనుష్యులు కాని యంత్రములు కూడా పేజీలు తెరుస్తూ తిరుగుతుంటాయి. వాటిని ఏరివేయడానికి కంపెనీలు ప్రయత్నించినా కొన్ని మిగిలిపోతాయి. తెరిచి పది క్షణాలలో మూసివేసినవాడు కూడా కొన్ని లెక్కలలో వచ్చినవాడే.

ఊరి సంగతి ఇంకా విచిత్రము. ప్రతి ఫోనుకు ఇంటర్నెట్టులో ఒక చిరునామా సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను బట్టి యంత్రము ఊరును ఊహిస్తుంది. దేశమును చాలావరకు సరిగానే చెప్పగలదు గాని, ఊరి విషయములో తరచుగా తప్పుతుంది. ఎందుకంటే సెల్ ఫోను కంపెనీలు ఎన్నో జిల్లాల ఫోన్లను ఒక పెద్ద పట్టణములోని కేంద్రము గుండా ఇంటర్నెట్టుకు కలుపుతాయి. వింజమూరులో విన్నా, మర్రిపాడులో విన్నా, కాగితము మీద చెన్నై అనో హైదరాబాదు అనో పడవచ్చును. మా పెద్దాయన ఉదయగిరి లేదన్నారు. ఉదయగిరి ఉన్నదేమో గాని, వేరే పేరు క్రింద ఉన్నది! ఇక మెమరీ కార్డులో విన్నవారి సంగతి చెప్పనక్కరలేదు. ఆ కార్డుకు ఇంటర్నెట్టుతో పని లేదు. నూరుసార్లు విన్నా అది ఏ కాగితము మీదికీ రాదు.

ఒక తల్లిని గూర్చి చెప్పుతాను. సీతారామపురం వైపు ఒక పల్లెలో ఆమె ఒంటరిగా ఉంటుంది. చూపు తగ్గింది. ఆమె దగ్గర ఉన్నది మీటలు నొక్కే చిన్న ఫోను. కొడుకు కువైటులో పని చేస్తాడు. ఆదివారము రాత్రి అతడు ఆమెకు ఫోను చేసి, తన దగ్గరున్న రెండవ ఫోనులో వర్తమానము పెట్టి, రెండు ఫోన్లను దగ్గర చేర్చి పట్టుకొంటాడు. ఆమె ఇక్కడ వింటుంది. నేను ఆమెను చూడబోయినప్పుడు, "మీ మాట కువైటుకు పోయి మళ్ళీ నా కాడికొస్తాది అయ్యగారూ" అని నవ్వింది. మన కాగితములో ఆమె ఎక్కడ ఉన్నది? కువైట్ వరుసలో ఉన్నది. అది కూడా ఆమెగా కాదు, కొడుకుగా ఉన్నది. నిజానికి విన్నవారు ఇద్దరు, లెక్కలో ఒకటి. దేశాలు రెండు, లెక్కలో ఒకటి.

రెండవదిగా, మన చరిత్ర ఏమి నేర్పుచున్నది?

అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు వచ్చాడు. నాలుగేండ్ల తరువాత 1844లో సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే. అమెరికాలోని మిషను వారికి ఏటేటా రిపోర్టు వెళ్ళేది. ఇతర దేశాల మిషనులలో వందలు, వేలు. నెల్లూరు వరుసలో వ్రేళ్ళమీద లెక్కించదగిన అంకె. 1848లో నెల్లూరు మిషనును మూసివేయుదమా అన్న మాట వచ్చింది. 1853లో న్యూయార్క్ రాష్ట్రములోని ఆల్బనీ పట్టణపు మహాసభలో మళ్ళీ వచ్చింది. పటము మీద మిషను స్థలములను నక్షత్రములుగా గుర్తించి ఉండగా, నెల్లూరుది ఒంటరి నక్షత్రము. ఆ సభలో నున్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను పాస్టరు ఆ రాత్రి ఒంటరి నక్షత్రమును గూర్చి ఒక పద్యము వ్రాశాడు. మరునాడు దానిని చదివినప్పుడు అనేకుల హృదయములు కదిలినవి. మిషను నిలిచింది. అప్పటినుండి నెల్లూరు మిషనుకు ఒంటరి నక్షత్రమనే పేరు వచ్చింది.

1862లో మూడవసారి మూసివేత మాట వచ్చినప్పుడు, జూయెట్ దొర తాను ఒంటరిగానైనా తిరిగి నెల్లూరు వెళతానన్నాడు. అట్లయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకరిని వెంట పంపాలి గదా అని మిషను కార్యదర్శి అన్నాడని చెప్పుకొంటారు. అలా వెంట వచ్చినవాడే జాన్ క్లౌ దొర. 1866లో ఆయన ఒంగోలు చేరాడు. ఆ దినములలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఏర్పడినప్పుడు కూడా సభ్యులు ఎనిమిదిమందే.

తరువాత 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి పని ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మము అడిగారు. ఆయన ఏమి చేశాడో చూడండి. ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అన్నము కోసము వచ్చినవారిని విశ్వాసులుగా లెక్క వ్రాయకూడదని ఆయన పట్టుదల. పెద్ద అంకె చేతికి అందుచుండగా దానిని తీసుకొనలేదు. కరువు సహాయము ముగిసిన తరువాత కూడా ప్రజలు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇద్దరిద్దరు బోధకులు వంతులవారీగా నీటిలో దిగి ఇచ్చారు. గట్టుమీద ఒక్కొక్కరి పేరు చదివి పిలిచారు. ఆ 2,222 అనేది గుంపును చూచి వేసిన అంచనా కాదు, చదివి పిలిచిన పేర్లు.

అక్కడ నుండి పని పడమటికి సాగింది. 1885లో ఉదయగిరి, 1893లో ఆత్మకూరు మిషను స్థలములైనవి. ఈ దినమున మనము ఆరాధించుచున్న సంఘములు ఆ కొమ్మలే. 1853లో అంకెను మాత్రమే చూచి తీర్పు తీర్చి ఉంటే, ఉదయగిరిలో ఈ పని ఎట్లుండేదో మీరే ఆలోచించండి.

దూరదేశపు శ్రోతల సంగతి కూడా మన సంఘములకు క్రొత్త కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటినుండి 1911 వరకు 1,52,184 మంది మన దేశస్థులు ఒప్పంద కూలీలుగా నేటాలుకు వెళ్ళారు. వారిలో తెలుగువారు అనేకులు, కొందరు మన బాప్టిస్టు విశ్వాసులు. ఓడ పుస్తకములో ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చేవారు. తోట యజమానికి అతడు ఆ నంబరే. కాని ఇక్కడి సంఘములకు వారు నంబర్లు కారు. తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సొసైటీ వారు నెల్లూరు నుండి జాన్ రంగయ్య అయ్యగారిని 1903లో నేటాలుకు పంపించారు. ఆ సంవత్సరమే కీయర్స్నీ అను తేయాకు తోటల ప్రాంతములో తెలుగు సంఘము ఏర్పడింది. 1915లో ఆయన మరణించేవరకు ఆ ప్రజల మధ్యనే పని చేశారు. అమెరికావారు ఒంటరి నక్షత్రమని జాలిపడిన సంఘము, అరువదేండ్లు తిరుగకముందే సముద్రము దాటి కాపరిని పంపింది!

మూడవదిగా, లేఖనము ఏమి చెప్పుచున్నది?

లెక్కపెట్టుట పాపము కాదు. మోషే కాలములో దేవుడే ఆజ్ఞాపించి ఇశ్రాయేలీయులను లెక్క వేయించాడు. యుద్ధమునకు వెళ్ళగలవారు 6,03,550 మంది అని సంఖ్యాకాండము మొదటి అధ్యాయములో ఉన్నది. అపొస్తలుల కార్యములలో మూడు వేలమంది చేరారని లూకా వ్రాశాడు. యోహాను సువార్త చివరలో వలలో పడిన చేపలు సహితము 153 అని లెక్క ఉన్నది.

అయితే దావీదు లెక్క ఎందుకు పాపమైనది? యోవాబు వద్దని బ్రతిమాలినను రాజు వినలేదు. తొమ్మిది నెలల ఇరువది దినములు దేశమంతా తిరిగి, ఇశ్రాయేలులో ఎనిమిది లక్షలు, యూదాలో ఐదు లక్షలు అని అంకె తెచ్చారు. దావీదుకు కావలసినది ప్రజల క్షేమము కాదు, తన బలమెంతో తెలిసికొనుట. అంకె చేతికి వచ్చిన తరువాతనే అతని మనస్సు అతనిని గద్దించింది.

దీనికి ముందే నిర్గమకాండము 30వ అధ్యాయములో దేవుడు ఒక నియమమిచ్చాడు. ప్రజలను లెక్కించునప్పుడు ప్రతివాడు తన ప్రాణము నిమిత్తము అర తులము వెండి చెల్లించాలి. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. దీని భావమేమి? లెక్కలోనికి వచ్చిన ప్రతి ప్రాణమునకు ఒక వెల ఉన్నది. అది అందరికీ ఒక్కటే. వారు దేవునివారు గాని లెక్కించువానివారు కారు. అమెరికాలో విన్న ఇంజనీరు, కలిగిరి ప్రక్క పల్లెలో మెమరీ కార్డు విన్న మేకల కాపరి, ఇద్దరిదీ అదే అర తులము.

లూకా 15వ అధ్యాయములో కాపరికి నూరు గొఱ్ఱెలు. తొంబదితొమ్మిది ఉన్నవి. నూటికి తొంబదితొమ్మిది అంటే ఏ రిపోర్టులోనైనా గొప్ప ఫలితమే. కాని ఆ కాపరి లెక్క పెట్టినది గొప్ప చెప్పుకొనుటకు కాదు, ఎవరు తప్పిపోయారో తెలిసికొనుటకు. ప్రియులారా, లెక్కకు సరియైన ఉపయోగము ఇదే. దావీదు లెక్క "నాకెందరున్నారు" అని అడిగింది. కాపరి లెక్క "ఎవరు లేరు" అని అడిగింది.

ఆ పెద్దాయన ఉదయగిరి లేదు, ఆత్మకూరు లేదు అన్నప్పుడు, తనకు తెలియకుండానే కాపరి అడుగవలసిన ప్రశ్ననే అడిగారు. జవాబు మాత్రము వేరుగా ఉండాలి. కాగితములో లేనివారి దగ్గరకు వెళ్ళుట మానకూడదు, వారి దగ్గరకే ముందుగా వెళ్ళాలి.

ఇక మేమేమి తీర్మానించుకొన్నామో చెప్పుతాను. మెమరీ కార్డులు పంచే పని ఆపలేదు. అయితే కార్డు ఇచ్చిన ప్రతి ఇంటిలో ఒక నోటుబుక్కులో పేరు వ్రాస్తాము. ఎందరు కలిసి వింటారో, ఏమి ప్రార్థన మనవి ఉన్నదో వ్రాస్తాము. మరుసటి నెల వెళ్ళినప్పుడు ఆ పేరు పెట్టి అడుగుతాము. ఆ నోటుబుక్కును ఆ పెద్దాయనే తన దగ్గర ఉంచుకొంటానన్నారు. కెమెరా కొనుట తరువాతి సంవత్సరమునకు వాయిదా వేశాము.

దూరదేశాల లెక్కను కూడా పారవేయలేదు. అది మాకు ఒక పని నేర్పింది. కువైట్ గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. మనము రాత్రి 8 గంటలకు ఫోనులో ప్రార్థన కూటము పెడితే అక్కడ సాయంత్రము 5:30. ఇండ్లలో పని చేయుచున్న మన ఆడబిడ్డలకు అది వంట వేళ. ఎందరో మొదట చేరి, మధ్యలో వెళ్ళిపోవుట ఆ కాగితములోనే కనబడింది. విసుగు పుట్టి వెళ్ళిపోవుచున్నారనుకొన్నాము. అడిగితే యజమానురాలు పిలుస్తుందని తెలిసింది. అందుకని నెలకు ఒక కూటమును వారికి తీరిక దొరికే వేళకు మార్చాము. అక్కడ కువైట్ నగరములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘములు ఆరాధించుకొంటాయి, తెలుగువారికి కూడా చోటున్నది. సెలవు దొరికినవారు అక్కడికి వెళ్ళాలని చెప్పుచున్నాము. ఫోను వర్తమానము సహవాసమునకు బదులు కాదు.

2011 జనాభా లెక్కలలో మన దేశములో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. అమెరికాలో 2017 నాటికే 4 లక్షలమందికి పైగా ఇంట్లో తెలుగు మాట్లాడుచున్నారు. మన భాష ఇంత దూరము వ్యాపించినప్పుడు మన వర్తమానము అక్కడ వినబడుట ఆశ్చర్యము కాదు, అది మన గొప్ప కూడా కాదు. బ్రతుకు తెరువు కోసము ఇల్లు విడిచినవారు తల్లి భాషలో వాక్యము వెదకుకొనుచున్నారు. కాగితములో "సౌదీ అరేబియా" అని కనబడినప్పుడు, దాని వెనుక ఏ తల్లి బిడ్డ ఉన్నాడో అని అడుగుదాము.

మీకు కూడా ఒక మాట. మీ వీధిలో నుండి పై దేశము వెళ్ళినవారి పేర్లు ఒక కాగితము మీద వ్రాయండి. మీ సంఘములో ఆరు నెలలుగా కనబడనివారి పేర్లు దాని ప్రక్కన వ్రాయండి. మంచమునకు అంటుకుపోయి గుడికి రాలేనివారి పేర్లు క్రింద వ్రాయండి. సంవత్సరాంతమున చదువవలసిన రిపోర్టు అదే. ప్రకటన గ్రంథము 7వ అధ్యాయములో ఎవడును లెక్కింపజాలని ఒక గొప్ప సమూహమును యోహాను చూచాడు. అన్ని జనములలోనుండి, అన్ని భాషలలోనుండి వచ్చినవారు వారు. మనకు అది లెక్కకు అందదు. మంచి కాపరికి మాత్రము ప్రతి గొఱ్ఱె పేరు తెలుసు.

ప్రార్థించుకొందాము. ప్రభువా, మా లెక్కలలో లేని నీ బిడ్డలను మాకు చూపించుము. అంకెలు పెరిగినప్పుడు అతిశయమును, తగ్గినప్పుడు నిరుత్సాహమును మాలోనుండి తీసివేయుము. దూరదేశములలో కష్టపడుచున్న మా బిడ్డలను, ఇక్కడ వారికొరకు ఎదురుచూచుచున్న తల్లిదండ్రులను నీ రెక్కల నీడలో కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.